విపత్కాలమున విశ్వవిద్యాలయ ధర్మము : మెట్టుగూడ పరిసరములనుండి ఒక చారిత్రక పరిశీలనము

1. ఉపోద్ఘాతము

విశ్వవిద్యాలయమనగా విద్యార్థులను చేర్చుకొని, పాఠములు చెప్పి, పరీక్షలు జరిపి, పట్టములిచ్చు సంస్థ యని సామాన్యముగా చెప్పుకొందుము. ఈ నిర్వచనము మిక్కిలి సంకుచితమనియు, సమాజసేవ కూడ అందు చేరవలెననియు కొందఱు వాదింతురు. వారి వాదము మంచిదే. అయినను ఆపద వచ్చిన వేళ విశ్వవిద్యాలయము సమాజమునకు చేయగల మేలు ఎక్కువభాగము ఆ సంకుచిత నిర్వచనములోనే ఇమిడియున్నదని చరిత్ర చూపుచున్నది. ప్రవేశమిచ్చుట, హాజరు లెక్కించుట, ప్రవర్తన పత్రము వ్రాసియిచ్చుట, వైద్యము నేర్పుట, గ్రంథము భద్రపఱచుట – ఇవి దినదినము జరుగు పనులు. ఉగ్రవాద దాడి జరిగిన మఱునాడు ఈ పనులే ఒక కుటుంబమును నిలుపగలవు, లేదా కూల్చగలవు. ఈ వ్యాసమున నిరూపింపదలచిన విషయమిది.

మొదట పరిభాషను గూర్చి ఒక మాట. యుద్ధమున శత్రువు శత్రువును చంపును. దొంగ ధనమునకై చంపును. ఉగ్రవాది చంపువారెవరో అతనికి తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. చనిపోయినవారికంటె చనిపోనివారే అతని గురి. ఉద్యానమున ఒక ప్రేలుడు జరిగినచో నగరమందలి ప్రతి ఉద్యానమును నిర్జనము కావలెనని అతని కోరిక. ఒక మతమువానిపై నేరము పడినచో ఆ మతమువారినందఱిని పొరుగువారు అనుమానింపవలెనని అతని ఎత్తు. కావున అట్టి దాడి తరువాత ఆదరణ పొందవలసినవారు మూడు తెగలవారు: గాయపడినవారును మృతుల బంధువులును ఒక తెగ, గాయము తగులకయే భయపడినవారు రెండవ తెగ, అపరాధము లేకయే అనుమానమునకు గురియైనవారు మూడవ తెగ. మొదటి తెగను గూర్చి అందఱును తలతురు. రెండవదానిని కొందఱు తలతురు. మూడవదానిని గూర్చి తలచువారు అరుదు.

2. మెట్టుగూడయు దాని పరిసరములును

మెట్టుగూడ సికింద్రాబాదు రైలుస్టేషనుకు తూర్పున, తార్నాకకు పోవు మార్గమున ఉన్నది. ఎత్తైన నేలను మెట్ట యనుట, చిన్న పల్లెను గూడ యనుట తెలుగువారికి పరిచితమే కావున నామార్థమును ఊహించుట కష్టము కాదు. సికందర్ జా పేరిట 1806లో సికింద్రాబాదు ఏర్పడినది. వాడి నుండి సికింద్రాబాదు వఱకు రైలుమార్గము 1874లో తెఱవబడినది. లాలాగూడలో రైలు కర్మాగారము 1893లో నెలకొన్నది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రముగా ఆవిర్భవించినది. ఈ పరిణామములన్నిటివలన మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ ప్రాంతములు రైల్వే ఉద్యోగుల నివాసములైనవి. తెలుగు, ఉర్దూ, తమిళ, మరాఠీ, కన్నడ భాషలు మాటలాడువారు ఒకే వరుస యిండ్లలో నివసించుట ఇచ్చటి విశేషము.

ఈ ప్రాంతమునకు దక్షిణముగా కొలది దూరమున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున్నది. రైల్వేవారు రెండు స్టేషనులకు జామియా ఉస్మానియా యనియు, ఆర్ట్స్ కాలేజి యనియు పేర్లు పెట్టిరి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చిన తరువాత మెట్టుగూడకు ప్రక్క స్టేషను తార్నాకయే. విశ్వవిద్యాలయమునకు ప్రాకారమున్నది గాని దాని సమాజమునకు ప్రాకారము లేదు. ప్రాంగణమందలి వసతిగృహములలో చోటు దొరకని విద్యార్థి అద్దెగదిలో ఉండును. ఆ గది గల యింటివారు రైల్వేలో పనిచేయుదురు. వారి బిడ్డ విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలో చదువును. ఆ బిడ్డ తిరుగు బస్సును, తినుబండారముల అంగడియు, సినిమాశాలయు నగరమంతటను ఉన్నవి. నగరమున ఎచ్చట ప్రేలుడు సంభవించినను మెట్టుగూడలో ఎవరో ఒకరి యింట దీపము ముట్టించు వేళకు రావలసినవాడు రాడను భయము కలుగును. కావున ఈ పేటను ఆధారముగ గొని విశ్వవిద్యాలయమును పరిశీలించుట అసంగతము కాదు.

3. పూర్వకథ : 1938, 1948

ఉగ్రవాదమును గూర్చి చెప్పుటకు ముందు, ఒక విశ్వవిద్యాలయము మఱియొక విశ్వవిద్యాలయపు విద్యార్థులను ఆదుకొనిన పూర్వకథను స్మరింపవలసియున్నది. అది ఉగ్రవాద దాడి కాదు, పాలకుల శిక్ష. రెంటికిని గల భేదమును మఱువరాదు. అయినను విద్యార్థి యొక్క నష్టము రెండు సందర్భములందును ఒకే తీరున ఉండును: చదువు నడుమ తెగిపోవును.

1938 నవంబరులో ఉస్మానియా వసతిగృహములలో విద్యార్థులు వందేమాతర గీతమును ప్రార్థనగా పాడిరి. అధికారులు దానిని నిషేధించిరి. విద్యార్థులు సమ్మె చేసిరి. వందలాది విద్యార్థులు బహిష్కృతులైరి. సమ్మె వరంగల్లు మొదలగు పట్టణములకును ప్రాకినది. బహిష్కరణమనగా తరగతినుండి వెడలగొట్టుట మాత్రమే కాదు; అట్టివానిని మఱియొక విద్యాలయము చేర్చుకొనుటకు వెనుకాడును. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయము వీరికి ద్వారము తెఱచినది. నాటి ఉపకులపతి టి.జె. కేదార్ చొరవతో హైదరాబాదు రాష్ట్ర విద్యార్థులు అచ్చట ప్రవేశము పొందిరి. అట్లు హైదరాబాదు రాజ్యము విడిచి చదువు కొనసాగించిన వారిలో పిదప భారత ప్రధానియైన పి.వి. నరసింహారావు ఒకరు.

నాగపూరు చేసినది మహోపన్యాసము కాదు. ధన సహాయము కూడ ప్రధానము కాదు. అది ప్రవేశపు చిట్టాలో కొన్ని పేర్లు వ్రాసికొన్నది. ఆ వ్రాత ఒక తరమువారి జీవితగతిని మార్చినది. ప్రవేశమిచ్చుట యను నిత్యకృత్యము ఆపత్సమయమున ఎంత బలము గలదో దీనివలన తెలియుచున్నది.

పది సంవత్సరములు గడచినవి. 1947–48లో రజాకార్ల దౌర్జన్యము హైదరాబాదు రాజ్యమంతటను చెలరేగినది. ఊళ్లు కాలినవి, ప్రజలు సరిహద్దులు దాటి శిబిరములలో తల దాచుకొనిరి. 1948 ఆగస్టులో జనగామ సమీపమందలి భైరవునిపల్లిలో జరిగిన సంహారమును తెలంగాణ నేటికిని తలచుకొనుచున్నది. ఆ నెలలోనే, ఆగస్టు 21–22 తేదీల నడిరేయి, ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదు వీధిలో హతుడయ్యెను. ఆయన ఉస్మానియా పట్టభద్రుడు. ముస్లిమై యుండియు, హైదరాబాదు భారతదేశమున విలీనము కావలెనని వ్రాసినందుకు దుండగులు ఆయన ప్రాణమును తీసిరి. వ్రాసిన చేతిని నఱుకుట వారి కక్ష ఎట్టిదో చెప్పుచున్నది. ఒక రచయితను చంపి రచయితలనందఱిని మౌనులను చేయవలెనను ఉద్దేశమే అందు స్పష్టము. ఉగ్రవాదమునకు పైని చెప్పిన లక్షణము ఈ హత్యకు సంపూర్ణముగా పట్టును. మతమును బట్టి మనుష్యుని నిర్ణయింపరాదనుటకును ఇదియే ఉదాహరణము.

4. 2007, 2013 సంవత్సరముల ఘటనలు

2007 మే 18, శుక్రవారము. మధ్యాహ్న ప్రార్థన వేళ మక్కా మసీదులో బాంబు ప్రేలినది. ప్రేలుడువలన 9 మంది మృతిచెందిరి. అనంతరము చెలరేగిన అల్లరిలో పోలీసు కాల్పులవలన మఱి 5గురు ప్రాణములు కోల్పోయిరి. అదే సంవత్సరము ఆగస్టు 25, శనివారము సాయంకాలము, సచివాలయము ఎదుటి లుంబినీ ఉద్యానమున లేజరు ప్రదర్శన చూచుచున్నవారి నడుమ ఒకటి, కోఠీలోని గోకుల్ చాట్ అంగడియొద్ద ఒకటి – రెండు ప్రేలుళ్లు కొలది నిమిషముల వ్యవధిలో జరిగినవి. 40 మందికి పైగా మరణించిరి. దిల్‌సుఖ్‌నగరులో ప్రేలని బాంబు నొకదానిని పోలీసులు కనుగొని నిర్వీర్యము చేసిరి. ఆఱు సంవత్సరములు తిరుగకమునుపే, 2013 ఫిబ్రవరి 21, గురువారము సాయంకాలము, ఆ దిల్‌సుఖ్‌నగరులోనే సైకిళ్లకు కట్టిన బాంబులు రెండు ప్రేలినవి. 17 మందికి తక్కువ కాక మరణించిరి. నూఱుమందికి పైగా గాయపడిరి.

ఈ స్థలములను విద్యాలయ దృష్టితో చూచినచో ఒక విషయము తోచును. గోకుల్ చాట్ ఉన్న కోఠీ కూడలికి ఎదురుగనే కోఠీ మహిళా కళాశాల యున్నది. 1924లో పుట్టి, 1949 నుండి పాత రెసిడెన్సీ భవనములో నడచుచు, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అంగముగా నుండిన ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, పిదప వీరనారి చాకలి ఐలమ్మ పేరు తాల్చినది. లుంబినీ ఉద్యానమున మృతిచెందినవారిలో మహారాష్ట్రమందలి సంగమనేరు నుండి విద్యాయాత్రకు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు పలువురు కలరు. దిల్‌సుఖ్‌నగరు పోటీపరీక్షల శిక్షణాలయములకును, ప్రైవేటు వసతిగృహములకును నెలవు. పల్లెలనుండి వచ్చిన యువకులు సాయంకాలము తరగతి ముగించుకొని బస్సుకై నిలుచు చోటనే ప్రేలుడు జరిగినది. ఈ మూడు స్థలములును విశ్వవిద్యాలయ ప్రాంగణము వెలుపలివే. అయినను వానియందు విద్యార్థి లేని చోటు లేదు.

న్యాయనిర్ణయములు విలంబముగా వచ్చినవి. 2007 ఆగస్టు ఘటనలో 2018 సెప్టెంబరున ప్రత్యేక న్యాయస్థానము ఇద్దఱికి మరణదండనమును, ఒకరికి యావజ్జీవ శిక్షను విధించినది. మక్కా మసీదు అభియోగమున విచారింపబడిన 5గురు 2018 ఏప్రిలు 16న నిర్దోషులుగా విడుదలైరి. దిల్‌సుఖ్‌నగరు ఘటనలో 2016 డిసెంబరున 5గురికి మరణదండనము విధింపబడగా, 2025 ఏప్రిలులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దానిని స్థిరపఱచినది. ఒక ఘటనకు పదునొకండు సంవత్సరములు, మఱియొకదానికి పండ్రెండు. పట్టభద్రుడగుటకు మూడేండ్లు చాలును. న్యాయము తేలువఱకు విద్యార్థి యొక్క చదువు ఆగియుండజాలదు. విశ్వవిద్యాలయము న్యాయస్థానమునకంటె ముందుగా తన నిర్ణయములు చేయక తప్పదనుటకు ఇది హేతువు.

5. ప్రవేశము, హాజరు

ఆపత్కాలమున మొదటి ప్రశ్న చదువు కొనసాగుట యెట్లని. దీనికి మిక్కిలి దారుణమైన ఉదాహరణము కెన్యా దేశమున గలదు. 2015 ఏప్రిలు 2న గరిస్సా విశ్వవిద్యాలయ కళాశాలపై ముష్కరులు దాడిచేసి 148 మందిని చంపిరి. హతులలో అత్యధికులు విద్యార్థులే. బ్రదికినవారిని మాతృసంస్థయైన మోయ్ విశ్వవిద్యాలయము ఎల్డొరెట్ నగర ప్రాంతమందలి తన ప్రాంగణమునకు మార్చుకొని చదువు కొనసాగింపజేసినది. 2016 జనవరిలో గరిస్సా కళాశాలను మఱల తెఱచిరి. ఇందు రెండు పనులున్నవి: విద్యార్థిని సురక్షిత స్థానమునకు చేర్చుట, దాడి జరిగిన చోటును విడనాడకుండుట. మొదటిది మాత్రమే చేసినచో ఉగ్రవాది గెలిచినట్లు. రెండవది మాత్రమే చేసినచో భయపడిన విద్యార్థిని శిక్షించినట్లు. రెండును క్రమముగా జరుగవలెను.

మన దేశమున ఈ ప్రశ్న హాజరు నియమముల రూపమున వచ్చును. సామాన్యముగా నూటికి 75 వంతుల హాజరు లేనివాడు పరీక్షకు అర్హుడు కాడు. అనారోగ్యము కలిగెనని వైద్యుని పత్రము తెచ్చినచో కొంత మినహాయింపు కలదు. గాయపడిన విద్యార్థికి ఈ నియమము చాలవచ్చును. కాని గాయపడిన తమ్ముని మంచమువద్ద రెండునెలలు కూర్చున్న అన్నకు ఏ వైద్యుడు పత్రమిచ్చును? బస్సెక్కుటకు కాళ్లాడక ఇల్లు కదలని బాలికకు పత్రమేది? ఆమె శరీరమున గాయము లేదు. నియమావళి దృష్టిలో ఆమె కేవలము సోమరి. పైని చెప్పిన రెండవ తెగవారు విశ్వవిద్యాలయపు లెక్కలో కనబడకపోవుట ఇట్లు సంభవించును. ఇట్టి సందర్భములకై నియమావళిలో ఒక్క వాక్యము ముందుగనే యుండుట, విపత్తు వచ్చిన తరువాత సంతాప తీర్మానములు పది చేయుటకంటె మేలు.

6. ప్రవర్తన పత్రము

ఇక మూడవ తెగవారి మాట. 2007లోని ప్రేలుళ్ల తరువాత హైదరాబాదు ముస్లిం యువకులు పలువురు నిర్బంధింపబడిరి. వారిలో విద్యార్థులు, చిన్న ఉద్యోగులు, ఆటో నడుపువారు ఉండిరి. తమ్ము చిత్రహింసలు పెట్టిరని వారు చెప్పగా రాష్ట్ర మైనారిటీల కమిషను విచారణ జరిపించినది. న్యాయస్థానములు పలువురిని నిర్దోషులని విడిచినవి. 2012 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అట్టి యువకులు 70 మందికి పరిహారమును, దానితోపాటు ప్రవర్తన పత్రములను ఇచ్చినది. పరిహారపు ఉత్తర్వును 2013లో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది.

పరిహారమును గూర్చిన న్యాయవివాదము మన విషయము కాదు. ఆ రెండవ వస్తువును గమనింపుడు: ప్రవర్తన పత్రము. విద్యార్థి కళాశాల విడుచునపుడు గుమాస్తా నిత్యము వ్రాసియిచ్చు కాగితమది. దానియందు సామాన్యముగా ‘సంతృప్తికరము’ అను ఒక్క మాట యుండును. ఎవరును రెండవసారి చదువరు. ఒక రాష్ట్రప్రభుత్వము దానిని సభచేసి పంచవలసి వచ్చినదనగా, ఆ ఒక్క మాట లేనిచో యువకునకు ఉద్యోగముగాని, పైచదువుగాని, అద్దె యిల్లుగాని దొరకని పరిస్థితి యేర్పడినదని అర్థము. అనుమానము నేరము కాదు. నిర్బంధము శిక్ష కాదు. విద్యాలయము ఈ భేదమును పాటించినచో, విడుదలయైన మఱునాడే విద్యార్థి తన బల్లపై కూర్చుండగలడు. పాటింపనిచో న్యాయస్థానమిచ్చిన విముక్తి సగమే యగును.

ఇది మన నగరమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. 1941 డిసెంబరున పెర్ల్ హార్బరుపై జరిగినది ఉగ్రవాద దాడి కాదు, యుద్ధచర్య. కాని దాని తరువాత అమెరికా పశ్చిమ తీరమందలి జపాను సంతతివారినందఱిని శిబిరములకు తరలించిరి. విశ్వవిద్యాలయాధిపతులును, ధర్మసంస్థలును కలిసి 1942 మే నెలలో ఒక మండలిని ఏర్పఱచి, శిబిరములలోని విద్యార్థులకు తూర్పు, మధ్య ప్రాంతముల కళాశాలలలో చోట్లు వెదకిరి. ఇంచుమించు 4,000 మంది విద్యార్థులు దానివలన చదువు కొనసాగించిరి. నాగపూరు కథకును దీనికిని గల సామ్యము స్పష్టము. మన కాలమున, 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి జరిగిన పిదప దేశమున పలుచోట్ల కాశ్మీరీ విద్యార్థులను బెదరించుట జరిగినది. ఫిబ్రవరి 22న సర్వోన్నత న్యాయస్థానము వారిని రక్షింపవలసినదిగా రాష్ట్రములను ఆదేశించినది. వసతిగృహాధికారి చేయవలసిన పనిని దేశపు అత్యున్నత న్యాయస్థానము చెప్పవలసి వచ్చుట విచారింపదగిన విషయము.

7. వైద్యమును, దాని పరిశోధనయు

గాయపడినవారి చికిత్సలో విశ్వవిద్యాలయపు పాత్ర ప్రత్యక్షము. 1846 నాటి హైదరాబాదు వైద్యపాఠశాల నుండి ఉస్మానియా వైద్య కళాశాల పరిణమించినది. వైద్యకళాశాలలు 1986 తరువాత ప్రత్యేక ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు చెందినవి గాని, ఉస్మానియా దవాఖాన బోధనాలయముగనే నిలిచినది. 2007లోను, 2013లోను క్షతగాత్రులను అచ్చటికి తెచ్చిరి. బోధనాలయమనగా అచ్చట రాత్రి కూడ యువవైద్యులు మేలుకొని యుందురు. ఒకేసారి పదులకొలది క్షతగాత్రులు వచ్చినపుడు చేతులు చాలియుండుటకు ఆ యువవైద్యులే ముఖ్యాధారము. పేదవానికి వైద్యవిద్యాలయమే ఆపద్బాంధవుడు.

మనస్సు యొక్క గాయమును గూర్చి విశ్వవిద్యాలయ పరిశోధనలు రెండు విషయములు చెప్పుచున్నవి. 1995 ఏప్రిలు 19న అమెరికాలోని ఓక్లహోమా నగరమున ఒక ప్రభుత్వ భవనమును బాంబుతో కూల్చిరి. 168 మంది మృతులైరి. బ్రదికినవారిలో 182 మందిని సుమారు ఆఱు నెలల తరువాత పరీక్షించి, 1999లో ప్రకటించిన పరిశోధనలో దాదాపు మూడవవంతు మందికి ఆ ఘటనవలన కలిగిన మానసిక వ్యాధి యున్నట్లు తేలినది. అనగా మూడింట రెండువంతులమందికి ఆ వ్యాధి లేదు. మొదటి సంఖ్య ఉపేక్షింపరాదని చెప్పును. రెండవ సంఖ్య నిరాశపడరాదని చెప్పును.

రెండవ విషయము మఱింత సూక్ష్మమైనది. ఘటన జరిగిన కొలదిదినములలో బాధితుని కూర్చుండబెట్టి జరిగినదంతయు ఒక్క దఫాలో చెప్పించినచో మనస్సు తేలికపడునని పూర్వము తలచిరి. 2002 నాటికి అనేక పరిశోధనలను క్రోడీకరించి చూడగా, అట్టి ఏకదఫా ప్రక్రియ వ్యాధిని నివారింపదని తేలినది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మార్గదర్శకము కూడ బాధితునిచే బలవంతముగా చెప్పింపవలదనియు, ముందు అతని అవసరములను కనిపెట్టి, అతడు చెప్పినచో వినుమనియు బోధించుచున్నది. ఆకలియైనవానికి అన్నము, తన వారెచ్చట నున్నారో తెలియనివానికి వార్త, ఒంటరికి తోడు – ఇవి మొదట కావలసినవి. విశ్వవిద్యాలయ వసతిగృహమున ఈ మూడును ఇచ్చుటకు నిపుణులు అక్కఱలేదు.

8. మౌఖిక చరిత్రయు తెలుగు శాఖయు

చివరిది గ్రంథరక్షణ. ఇది భాషాశాఖలకు సాక్షాత్తు సంబంధించిన పని. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు నగరమున వాణిజ్యసౌధములు కూలిన తరువాత, అచ్చటి కొలంబియా విశ్వవిద్యాలయమందలి మౌఖిక చరిత్ర శాఖవారు ఆ నెలలు గడచుచుండగనే ఆ నగరవాసులు 400 మందికి పైగా మాటలను సేకరింప నారంభించిరి. వార్తాపత్రికలు, రాజకీయ నాయకులు ఆ ఘటనకు ఒకే అర్థము స్థిరపఱచకమునుపే, భిన్నులైన మనుష్యులు దానిని ఎట్లు గ్రహించిరో వ్రాసియుంచుట వారి ఉద్దేశము. వలసవచ్చినవారి మాటలను, అనుమానమునకు గురియైన సమాజములవారి మాటలను కూడ వారు చేర్చిరి. అందువలన మన మూడు తెగలవారును ఆ నిధిలో కలరు.

ఇట్టి పని మనకు క్రొత్త కాదు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయములపై చేసిన పరిశోధనకు 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము వచ్చినది. ఊరూర తిరిగి, అక్షరము రానివారి నోటనుండి గేయములను సేకరించి, వానికి శాస్త్రీయమైన స్థానము కల్పించిన సంప్రదాయము తెలుగు శాఖలది. భైరవునిపల్లి వంటి ఘటనలు నిలిచియుండుటకు ప్రజల నోటి మాటయే ప్రధానకారణము. గేయమును సేకరించుటకు కావలసిన ఓర్పు, మాండలిక జ్ఞానము, చెప్పువాని మాటను దిద్దక వ్రాయు నిష్ఠ – ఇవియే ప్రేలుడునుండి బ్రదికినవాని వాక్కును సేకరించుటకును కావలయును.

న్యాయస్థానములో సాక్ష్యము వ్రాయబడియే యున్నది గదా యను ఆక్షేపము రావచ్చును. న్యాయస్థానమున సాక్షి అడిగినదానికే బదులు చెప్పును. సంచి ఎచ్చట చూచితివి, ఎన్ని గంటలకు చూచితివి యని అడుగుదురు. ఆ తరువాత పదేండ్లు ఎట్లు గడచినవని అడుగరు. సాక్షి దక్కనీ ఉర్దూలోనో, తెలంగాణపు తెలుగులోనో చెప్పినది లేఖకుని చేతిలో ఆంగ్లమగును. అతని మాట పోయి దాని సారము మిగులును. నేరనిర్ణయమునకు సారము చాలును. చరిత్రకును, భాషకును మాటయే కావలెను.

మఱియొక ఆక్షేపము బలవత్తరమైనది: మఱల చెప్పించుట మానిన గాయమును రేపుట కాదా? పైని చెప్పిన వైద్యపరిశోధనను బట్టి ఈ ఆక్షేపమును త్రోసివేయరాదు. కావున సేకరణకు కొన్ని నియమములు ఏర్పఱచుకొనవలెను. ఘటన జరిగిన వెంటనే కాక, చెప్పువాడు సమ్మతించిన కాలమున వినవలెను. నడుమ ఆపుటకును, చెప్పినదానిని వెనుకకు తీసికొనుటకును అతనికి హక్కుండవలెను. పేరు వెల్లడించుట అతని యిష్టము. ఒకే కూర్చుండుటలో ముగింపక పలుమారులు పోవలెను. వ్రాసిన ప్రతిని అతనికి చదివి వినిపించి, అతడు ఔనన్న తరువాతనే భద్రపఱచవలెను. పరిశోధక విద్యార్థి తన పట్టమునకై పరుని దుఃఖమును వాడుకొనరాదను ఎఱుక గురువు కలిగింపవలెను. విన్నవాని మనస్సునకును భారము కలుగును గావున సేకర్తకు తోడుండవలెను.

9. ఉపసంహారము

ఇంతవఱకు చూచినదానివలన తేలిన సిద్ధాంతము సరళము. 1938లో నాగపూరు చేసినది ప్రవేశమిచ్చుట. 1942లో అమెరికా కళాశాలలు చేసినదియు అదియే. 2015లో మోయ్ విశ్వవిద్యాలయము చేసినది చదువు ఆగకుండ చూచుట. ఉస్మానియా దవాఖాన చేసినది వైద్యము. కొలంబియా చేసినది వ్రాసియుంచుట. వీనిలో ఏదియు విశ్వవిద్యాలయ స్వభావమునకు బాహ్యము కాదు. ఎచ్చటనైనను లోపము కలిగినచో, అది దయ చాలకపోవుటవలన కాక, నిత్యకృత్యమును మనుష్యునికై కొంచెము వంచుటకు వెనుకాడుటవలన కలిగినది.

మెట్టుగూడ వంటి పేటకు ఈ సిద్ధాంతమువలన కలుగు ప్రయోజనమేమి? అచ్చటి రైల్వే ఉద్యోగి యింటికి ఎదురింటివారు మఱియొక మతమువారు, మఱియొక భాషవారు. పెద్ద ఘటన యేదైన జరిగినపుడు ఆ రెండు గడపల నడుమ గల పది అడుగుల దారి ఒక్కసారిగా వెడల్పగును. ఆ రెండిండ్ల బిడ్డలును చదువునది ఒక కళాశాలయందే. మఱునాడు ఉదయము ఆ యిద్దఱును అదే తరగతికి పోగలిగినచో, హాజరు పట్టికలో ఇద్దఱి పేర్లను అధ్యాపకుడు ఒకే స్వరమున పిలిచినచో, ఆ దారి మఱల పది అడుగులే యగును. ఉపకులపతి ప్రకటన మెట్టుగూడకు చేరకపోవచ్చును. ఆ పిలుపు సాయంకాలమునకు ఇల్లు చేరును.

2007 నాటి ఘటనలను చూచినవారు నేటికిని మన నడుమ నున్నారు. వారిలో వృద్ధులైనవారు క్రమముగా తరలిపోవుచున్నారు. వారి మాటలను వారి భాషలో, వారి యనుమతితో సేకరించుటకు మన శాఖలకు ఇంకను వ్యవధి కలదు. పరిశోధనాంశములను ఎన్నుకొను విద్యార్థులు దీనిని తలపున నుంచుకొందురుగాక.